ఎలక్ట్రాన్ యంత్రం దగ్గర నుంచి తుర్విహాళ పెళ్ళివారింటికి

డెబ్బయ్యో దశకం మొదట్లో, ఒక మాఘమాసంలో, ఆగిపోయిన పెళ్ళి ఒకటి నిలబెట్టే ప్రయత్నంలో నేను బొంబాయి నుంచి రాయచూరు జిల్లాకు బయల్దేరాను. పెళ్ళికొడుకు సత్యం మా ప్రయోగశాలలో ఎలక్ట్రాన్ యాక్సిలరేటరు నడిపే మనిషి. నేను అదే యంత్రంతో నీళ్ళ మీద ప్రయోగాలు చేసే రసాయన శాస్త్రజ్ఞురాలిని. సత్యం వాళ్ళది తుర్విహాళ దగ్గర క్యాంపు, అంటే వలస రైతులు కట్టుకున్న ఊరు. గుంటూరు వైపు నుంచి తుంగభద్ర కాలువ కిందికి వలస వచ్చిన కుటుంబం. అదే క్యాంపులో పద్మ అనే అమ్మాయితో తాంబూలాలు కూడా అయ్యాయి. ఇంతలో, కిరణాల దగ్గర పనిచేసే మగవాడికి పిల్లలు పుట్టరని ఎవరో చెప్పారట. పద్మ తల్లిదండ్రులు వెనక్కి తగ్గారు.

"మేడమ్, నేను చెబితే నా స్వార్థం అనుకుంటారు. మీరొక్కసారి వచ్చి చెప్పండి" అన్నాడు సత్యం. ఆ మాట అడగడానికి వారం రోజులు తటపటాయించాడని తర్వాత తెలిసింది.

రాత్రి భోజనాలయ్యాక మద్రాసు మెయిలు ఎక్కాం. తెల్లారేసరికి షోలాపూరు, పొద్దెక్కాక గుల్బర్గా, మధ్యాహ్నానికి రాయచూరు. నేను పుట్టిన ఊరే కాబట్టి బసకు వెతుక్కునే పని లేదు. ఆ రాత్రి చెల్లెలి ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర (మా వైపు గోంగూరను అలాగే అంటారు) తిని పడుకున్నాం. కొత్తవారికి స్టేషను దగ్గరే లాడ్జీలున్నాయి.

మర్నాడు ఏడింటికి మాన్వి మీదుగా సింధనూరు వెళ్ళే బస్సు పట్టుకున్నాం. కుడివైపు కూర్చుంటే పొద్దుటెండ తప్పుతుంది. నా పక్కన జొన్నల మూట ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దమ్మ కూర్చుంది.

"ఏం నౌకరి చేస్తవ్ బిడ్డా?" అంది.

"నీళ్ళ మీద పని పెద్దమ్మా, బొంబాయిల" అన్నాను.

"గట్లనా. మరి మా దిక్కు కాలువల నీళ్ళు ఎప్పుడిడుస్తరో జర అడుగు. ఆఫీసోళ్ళు ఒక్కడు సక్కగ చెప్పడు."

నా నీళ్ళు ఆ నీళ్ళు కాదని చెప్పబోయి, ఆమె ముఖంలో ఆశ చూసి, ఎవరైనా కలిస్తే అడుగుతానన్నాను. ఆమె సంతోషించి నా చేతిలో గుప్పెడు వేయించిన శనగలు పోసింది. సత్యం ఆ ప్రయాణంలో మొదటిసారి నవ్వాడు.

మాన్వి దాటాక నల్లరేగడి మెల్లగా పచ్చబడుతుంది. సింధనూరు దగ్గరికొచ్చేసరికి రెండువైపులా రెండో పంట నాట్లే. బస్టాండులో మిరపకాయ బజ్జీ, మండక్కి అనే మసాలా మరమరాలు తిని టీ తాగాం. అక్కడి నుంచి తుర్విహాళకు ఇంకో బస్సు. దిగాక కాలువ గట్టు వెంట కొంత నడక.

పద్మ తండ్రి సుబ్బయ్యగారు మర్యాదగానే రమ్మన్నారు. పెంకుటింటి వరండాలో నులకమంచం వాల్చారు. మజ్జిగ ఇచ్చారు. సత్యం స్తంభం పక్కన నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"మీరు రాయచూరు వాళ్ళాండీ? మీ తెలుగు మాకు కొంచెం వేరుగా వినపడుతుంది" అన్నారు సుబ్బయ్యగారు.

"మీది మాకూ అంతే" అన్నాను. ఆయన కాస్త తేలికపడ్డారు. "అసలా యంత్రం ఏం చేస్తుందో చెప్పండమ్మా" అన్నారు.

ఎదురుగా కాలువ కనిపిస్తోంది. దాన్నే చూపించాను. నీళ్ళలో రాయి పడితే అల ఎలా లేస్తుందో చూడాలనుకోండి. గంపెడు రాళ్ళు ఒకదాని వెనక ఒకటి పోస్తూ ఉంటే ఏ అల ఏ రాయిదో తెలియదు. చటుక్కున ఒక్కసారి వేసి, చెయ్యి వెనక్కి తీసుకుని చూడాలి. మా యంత్రం ఎలక్ట్రాన్లను అలా విసురుతుంది. సెకనును కోటి ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కసేపు. ఆ దెబ్బకు నీటిలో చెదిరిన ఎలక్ట్రాను ఒకటి, చుట్టూ నీటి కణాలు పట్టుకోగానే, నీలంగా మారి రెప్పపాటు కూడా నిలవకుండా మాయమవుతుంది. దాన్ని పట్టుకోవడమే మా పని. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కనుక, కిరణాలు తగిలితే ఒంట్లో ముందుగా ఏం జరుగుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

లోపల గుమ్మం దగ్గర కూర్చున్న పద్మ తల్లి కోటేశ్వరమ్మగారు అప్పుడు నోరు విప్పారు.

"మా చెల్లెలికి గర్భసంచిలో పుండు లేస్తే గుంటూరులో కరెంటు పెట్టారు. అదీ ఇదీ ఒకటేనామ్మా?"

ఆమె కరెంటన్నది క్యాన్సరుకిచ్చే రేడియేషన్‌ని. "దగ్గర చుట్టాలేనండి" అన్నాను.

"అది బతికింది. ఇప్పటికీ ఉంది. కానీ ఆ రెండు నెలలూ దాని ఒళ్ళు కడిగింది నేను. చర్మం నల్లబడి, ఊడొచ్చి, నీళ్ళు తగిలితే ఏడ్చేది. ఆయన ఎవరి మాటో విన్నారు. నేను కళ్ళతో చూశాను."

పెళ్ళి ఆపింది ఎవరో అప్పుడు అర్థమైంది. చెప్పాలని దారంతా కూర్చుకున్న మాటలు ఆమె ముందు పనికిరాలేదు.

"మీ భయం తప్పు కాదమ్మా. మాకూ భయమే. అందుకే మనిషెత్తు కంటే పెద్ద కాంక్రీటు గోడ కట్టి, దాని అవతల నుంచే నడుపుతాం. తలుపు తెరిస్తే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. ఆగాక అందులో ఏమీ మిగలదు. ఒంటికెంత తగిలిందో చెప్పే ఫిలిం బిళ్ళ ఒకటి చొక్కాకు పెట్టుకుంటాం. ఇన్నేళ్ళలో సత్యం బిళ్ళ మీద చెప్పుకోదగ్గది ఏదీ పడలేదు."

"మీకు పిల్లలున్నారా?" అని అడిగారావిడ.

"ఇద్దరు. చిన్నది ఈ పనిలో చేరాక పుట్టింది. అది కడుపులో ఉండగా ఒకరోజు ప్రయోగం పాడవుతోందని నేను ఆ గది వైపు పరిగెత్తాను. యంత్రం ఆగే ఉంది, ప్రమాదమేమీ లేదు. అయినా ఈ సత్యం తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. నేను కోప్పడితే కూడా కదల్లేదు. 'మేడమ్, ఏం కావాలో చెప్పండి, నేను తెస్తా' అన్నాడు. పురుడయ్యేదాకా నన్ను ఆ తలుపు దాటనివ్వలేదు."

కోటేశ్వరమ్మగారు సత్యం వైపు తిరిగారు. "ఆ మాట నువ్వెప్పుడూ చెప్పలేదేం నాయనా?"

"మీరు అడగలేదండి" అన్నాడు వాడు నేలచూపులు చూస్తూ.

లోపల నుంచి ఎవరో ఆపుకోలేక నవ్వారు. పద్మ అని వేరే చెప్పక్కర్లేదు. కోటేశ్వరమ్మగారు లేచి, "నిలబడ్డావేం, కూర్చో. అన్నం వడ్డిస్తాను" అన్నారు. సుబ్బయ్యగారు కండువా భుజాన వేసుకుని సత్యం వాళ్ళింటికి బయల్దేరారు.

గోంగూర, ముద్దపప్పు, మజ్జిగపులుసు. తింటుండగా పద్మ నీళ్ళు తెచ్చి నన్నడిగింది: "ఆ నీలం రంగు మామూలు కంటికి కనపడుతుందాండీ?" కనపడదు, కనిపెట్టే పరికరాలున్నాయన్నాను. "అయితే ఆ పరికరం చూపించమని అడుగుతాను" అంది. ఎవరిని అడుగుతుందో చెప్పలేదు.

ముహూర్తాలు చూసుకోవడానికి సత్యం అక్కడే ఆగిపోయాడు. నేను సాయంత్రం బస్సులకు రాయచూరు చేరి, మర్నాటి మెయిలు ఎక్కాను. రైలు కృష్ణ వంతెన మీదికొచ్చింది. ఇసుక మధ్య నీళ్ళు సన్నగా పారుతున్నాయి. ఈ పని గురించి ఎన్నో సభల్లో మాట్లాడాను. పరికరాల గురించి, లెక్కల గురించి అడిగినవారే అందరూ. కాలిన చర్మాన్ని చేత్తో కడిగిన మనిషి నన్ను ప్రశ్న అడగడం అదే మొదలు. తిరిగి పనిలో చేరిన రోజు నా విద్యార్థులకు ముందుగా ఆమె గురించే చెప్పాను.