కాయం డబ్బా మీద కుట్టు

పోయిన నెల కొలంబోలో ఉన్న మా చెల్లెలిని చూడడానికి బయలుదేరుతుంటే, మా చర్చి సంఘంలోని ఒకావిడ తన మనవరాలికి ఇమ్మని అప్పడాల పొట్లం తెచ్చి, నేను అడగకముందే నా ఎదుట విప్పి, ఒక్కొక్క అప్పడం ఎత్తి చూపించి, మళ్ళీ కట్టింది. మంచి పనే చేసింది. అయినా ఆమె వెళ్ళాక నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఆమె మీద కాదు, దాదాపు నలభై ఏళ్ళ నాటిది, ఎంత ప్రార్థించినా దిగనిది.

నా వయసువాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది, మదురైలోనూ కోయంబత్తూరులోనూ మిల్లు సైరను పట్టి మన ఇళ్ళలో పొయ్యి వెలిగేది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆదివారం చర్చిలో తెలుగు ప్రార్థన కూటం. మా అమ్మ మిల్లులో నూలు చుట్టే వైండింగు పని చేసేది. తెగిన పోగును రెండు వేళ్ళ మధ్య రెప్పపాటులో ముడివేసే నేర్పు ఆ సెక్షనులోని ఆడవాళ్ళందరికీ ఉండేది, బయటివాళ్ళకు చేతకాదు. మనవాళ్ళందరిలో ఇంకో అలవాటు కూడా ఉండేది. ఊరికి పోయేవాళ్ళ చేతికి సామాను ఇచ్చి పంపేటప్పుడు ఇచ్చేవాళ్ళు డబ్బాలో పెట్టి మూత వేస్తారు, మోసుకుపోయేవాళ్ళు వాళ్ళ ఎదుటే గుడ్డ చుట్టి తమ చేత్తో కుట్టుకుంటారు. దారిలో విప్పలేదనడానికి ఆ కుట్టే సాక్ష్యం. లోపల ఏముందని అడిగితే ఇచ్చినవాళ్ళను అవమానించినట్టే.

నేను లా చదివి, మదురైలో మత్తుమందు కేసులు నడిపే ప్రభుత్వ వకీలు దగ్గర జూనియరుగా చేరిన కొత్తలో, తిరుచ్చి విమానాశ్రయంలో పట్టుబడిన ఒకామె కేసు వచ్చింది. కోయంబత్తూరులో తను పనిచేసే మిల్లు మూతపడితే, కొలంబోలో ఒక ఇంట ఆయా పనికి బయలుదేరింది. విమానం ఎక్కడం అదే మొదలు. ఆమె పెట్టెలో గుడ్డతో కుట్టిన డబ్బా, డబ్బాలో బ్రౌన్ షుగర్ అనే మత్తుపొడి. అది తమ సంఘపెద్ద ఇచ్చాడని, కొలంబోలో నెలలు నిండిన తన కూతురికి కాయం పొడి అన్నాడని, బాలింతకు పెట్టే మందే కదా అని తీసుకున్నానని ఆమె మొదటి రోజే చెప్పింది. ఆ పెద్ద ఏటేటా మా మదురై కూటానికి కూడా వచ్చి వాక్యం చెప్పేవాడు. తనకేమీ తెలియదని ఆయన ఒక్క మాట అన్నాడు, అధికారులు లేచి వచ్చేశారు. ఆమె టికెట్టు ఎవరు కొన్నారని ఎవరూ తవ్వలేదు.

ఆమె తరఫున కోర్టు నియమించిన వకీలు ఆమెను ఒక్కసారైనా సరిగా అడగకుండా, కుట్టేసిన డబ్బానే ఎవరో చేతికిచ్చారని వాదించాడు. ఆ గుడ్డను నేను చేతిలోకి తీసుకుని చూస్తే, కుట్టు చివర ఉన్నది మా అమ్మ వేసే ముడి. ఇది వైండింగు చేసిన చేయి అని మా సీనియరుకు చూపించాను. మరునాడు, ఎవరు కుట్టారమ్మా అని జడ్జిగారు అడిగితే ఆమె దాచలేదు, నేనే అంది. ఆమె వకీలు మాట అబద్ధమైపోయింది, దాంతోపాటు ఆమె చెప్పిన నిజమూ కొట్టుకుపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. అమ్మ తింటున్న పళ్ళెం పక్కకు జరిపింది.

“కుట్టినదాన్ని పట్టిచ్చినావు. లోపల పెట్టినవాడ్ని ఎవురు పట్టేది?”

ఆ అలవాటు నాకు తెలియక కాదు. గెలుపు కళ్ళకు అడ్డం వచ్చింది. మరునాడు కోర్టు వరండాలో నేను ఆ ముద్దాయి పక్కగా పోతుంటే నన్ను ఆపింది.

“నువ్వు మనవాళ్ళ పిల్లవామ్మా?”

అవును అత్తా అన్నాను.

“పెద్దాయన కూతురికి కాన్పు సుకంగా ఆయనా? మందు పోయి చేరలేదే. ఒళ్ళు ఎట్ల ఉండాదో.”

అన్ని నెలలు జైల్లో ఉండి, కోర్టులో ఆ పొడి పేరు అన్నిసార్లు విని కూడా, పోలీసులే పొరబడ్డారని ఆమె నమ్మకం. నేను పరుగున పోయి సీనియరుకు మా అలవాటంతా విడమరిచి చెప్పాను.

“ముడి చూపించింది నువ్వేగా తల్లీ. ఇప్పుడు నువ్వే విప్పుతావా? విప్పాలంటే ముద్దాయి వకీలు పక్కకు పోయి కూర్చో” అని నవ్వాడు.

పోయి కూర్చోవలసింది. అబద్ధసాక్ష్యం పలకకూడదని ఆదివారపు బడిలో కంఠస్థం చేసినదాన్ని, నిజసాక్ష్యం మింగేయడమూ అంత పాపమేనని తెలిసీ, ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. ఆమెకు పదేళ్ళు పడింది.

ఆ ఏడు కూటంలో ఆ పెద్దే వేదిక ఎక్కి, ఆశకు లోబడి పడిపోయిన ఒక సోదరి కోసం ప్రార్థిద్దామన్నాడు. అందరూ తలలు వంచారు. మా అమ్మ ఒక్కతే లేచి బయటికి నడిచింది. నేను కూర్చునే ఉన్నాను. ఆ వంగిన తలల్లో నాదీ ఒకటి.

శిక్షంతా అనుభవించి ఆమె వచ్చాక, వెళ్ళి అంతా ఒప్పుకున్నాను. నా చేయి పట్టుకుంది.

“నాకు చెప్పి ఏమి లాభం? కూటంలో చెప్పమ్మా. నన్ను దొంగ అనుకొని ఉండారు.”

చెప్పాను. ఆ పెద్ద అప్పటికే పోయాడు. ప్రభువు సన్నిధికి పోయినవారి గురించి ఇప్పుడెందుకమ్మా అని ముందు వరసవాళ్ళు నన్ను కూర్చోబెట్టి, పాట ఎత్తుకున్నారు. నాతో వచ్చి వెనక వరసలో కూర్చున్న ఆమె తల వంచుకుని, పాటకు పెదవులు కదుపుతోంది. ఆ పాట ఈనాటికీ నా నోట రాదు.

మిల్లులు పోయాయి. మిల్లు కూలీల ఆ లైనిళ్ళు పోయాయి, ఆ నేర్పున్న వేళ్ళు మట్టిలో కలిశాయి, మన పిల్లలకు తెలుగు కూటమూ పట్టడం లేదు. తోటివాళ్ళను అనుమానించడం అందరమూ బాగా నేర్చుకున్నాం. వేదిక మీది మనిషిని లేచి అడగడం మాత్రం ఇప్పటికీ మనకు చేతకాలేదు.