వేపచెట్టు కింది జెరేనియం

బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన అంద్రెయకు ఇప్పుడున్న డ్యూటీ ఒక్క జెరేనియం పూలమొక్క. క్వార్టరు వెనక, వేపచెట్టు నీడలో దాని ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో ఆకు మీది బొగ్గుదుమ్మును తడిగుడ్డతో తుడుస్తాడు. షిఫ్టు సైరన్ మోగిన ప్రతిసారీ లేచి చెంబెడు నీళ్లు పోస్తాడు. మూడు షిఫ్టులకు మూడు చెంబులు. ఎండిపోయినా ఏటేటా చిగురిస్తుందని నర్సరీ అతను చెప్పిన మాట పట్టుకుని రెండేళ్లుగా దాన్ని చూసుకుంటున్నాడు.

ఈ రోజు తుడుస్తుంటే మొక్క మొదలంటా చేతిలోకి ఊడివచ్చింది. వేరు కుళ్లిపోయింది.

"ఎండల పెట్టుమంటే ఇనకపోతివి," అంది భార్య సుగుణమణి.

"ముప్పై ఏండ్లు ఎండ మొఖం చూడకుంట నేను బతకలేదా?" అన్నాడు దగ్గుతూ.

ఆమె అతని వీపు నిమిరింది. అంతలో సైరన్ మోగింది. అంద్రెయ లేచి, ఆ ఖాళీ మట్టిలోనే చెంబెడు నీళ్లు పోశాడు.