నేను రాసిన ‘ఏమీ లేవు’

2022. కోవిడ్ సద్దుమణిగి లెక్చర్ హాలు మళ్ళీ నిండిన ఏడాది. నెల్లూరు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక మెడికల్ కాలేజీలో నేను ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. కాంట్రాక్టు ఉద్యోగం. డాక్టరు పాఠం చెబుతుంటే స్లైడ్లు నడపడం, మైకు కీచుమనకుండా చూడటం నా పని. ఇన్నేళ్ళు వినీ వినీ సగం డాక్టర్నయ్యానని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే మాత్రం నన్నడగదు.

ఆ ఏడాది కాలేజీ ఒక కొత్త నియమం పెట్టింది. పాఠం చెప్పే డాక్టరు మందుల కంపెనీల నుంచి ఫీజులు, బహుమతులు ఏవి తీసుకున్నా మొదటి స్లైడులోనే చెప్పాలి. దాన్ని డిస్‌క్లోజర్ స్లైడ్ అంటారు. ఫలానా మందు మంచిదని చెప్పే మనిషి ఎవరి డబ్బు తీసుకున్నాడో పిల్లలకు తెలియాలని ఉద్దేశం. డాక్టర్లేమో బెల్లు కొట్టాక పెన్‌డ్రైవ్ పట్టుకుని పరిగెత్తుకొస్తారు. వాళ్ళకు తీరికెక్కడిదని నేనే ఒక స్లైడు చేసిపెట్టాను. ‘కంపెనీలతో నాకు సంబంధాలు ఏమీ లేవు’ అని ఒక్క వాక్యం, కింద డాక్టరు పేరు. పేరు మార్చి అందరి పాఠాలకూ తగిలించేవాణ్ణి. భేష్ పెంచలయ్యా అన్నారంతా. నేనూ పొంగిపోయాను.

జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్ విమల మేడం ఒక్కరే ఆ స్లైడు చూసి ఆగారు. కోవూరు రైతు కుటుంబం ఆమెది. మాట సూటిగా ఉంటుంది.

“ఇది ఎవురు రాసినారు పెంచలయ్యా?”

“నేనే మేడం. అందరికీ ఇదే పెడతన్నా.”

“పోయినేడు షుగర్ మందు కంపెనీ మీటింగుల్లో మాట్లాడి ఫీజు తీసుకున్నా. ఇయ్యాల పాఠం ఆ మందు గురించే. తీసెయ్. నేను రాసుకుంటా.”

రాశారు. ఎవరో విద్యార్థి ఫోటో తీశాడు. సాయంత్రానికి అది వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. ‘కంపెనీ మేడం’ అని పేరు పడిపోయింది. వారం తిరక్కుండానే ఆసుపత్రికి ఏ మందులు కొనాలో తేల్చే కమిటీ నుంచి ఆమెను తప్పించారు. ఆ కమిటీలో చవక మాత్రల కోసం ప్రతిసారీ పోట్లాడింది ఆమే. అక్కడా ప్రొజెక్టర్ నాదే కాబట్టి నాకు తెలుసు.

“అన్యాయం మేడం” అన్నాను ఆమె కనిపించినప్పుడు.

“అన్యాయమేముంది? తీసుకున్నా, రూలు ప్రకారం బయటికొచ్చినా. లోపలుండే ముగ్గురూ ఏమీ తీసుకోలేదంట గదా. నువ్వే రాసిపెట్టినావు.”

నవ్వుతూనే అన్నారు. నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ ముగ్గురిలో ఒకాయన తెచ్చే పెన్‌డ్రైవ్ మీదే కంపెనీ పేరుంటుంది. అది చేత్తో పట్టుకుని, ‘ఏమీ లేవు’ అని నేనే స్లైడు పెట్టాను.

రెండు రోజులు భయపడ్డాను. మూడో రోజు ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను.

“సార్, ఆ ‘ఏమీ లేవు’ అనేది డాక్టర్లు రాసింది కాదు. నేను రాసింది.”

ఆయన కళ్ళజోడు తీశారు. “వాళ్ళు చూళ్ళేదా?”

“చూసినారు సార్. వొద్దనలా, అంతే.”

“ఈ మాట బయటికొస్తే నీ ఉద్యోగం నిలబడతాదా?”

“తెలీదు సార్. మేడం పేరైతే పోయింది గదా.”

ఉద్యోగం నిలబడింది. సోమవారం నుంచి స్లైడు ఖాళీగా ఉంచాలని, ఎవరిది వాళ్ళే టైపు చేయాలని ఆర్డరు వచ్చింది. కమిటీలో అందరికంటే పెద్దాయన, సర్జరీ ప్రొఫెసర్, మొదట వచ్చారు.

“పాత స్లైడు ఏదయ్యా?”

“తీసేసినా సార్. మీరే కొట్టాలంట.”

పిల్లలు వచ్చి కూర్చుంటున్నారు. ఆయన ‘ఏమీ’ అని కొట్టి చెరిపారు. మళ్ళీ కొట్టి, మళ్ళీ చెరిపారు. చివరికి రెండు కంపెనీల పేర్లు రాశారు. ఆ నెలలో ఆయనతో కలిపి కమిటీ నుంచి ఇద్దరు తప్పుకున్నారు. మూడో ఆయన మాత్రం చకచకా ‘ఏమీ లేవు’ అని కొట్టేశారు. అది ఆయనకీ ఆయన మనసుకీ తెలియాలి. మేడం కమిటీలోకి తిరిగి రాలేదు. ‘కంపెనీ మేడం’ అనే మాట మాత్రం మళ్ళీ వినబడలేదు.

ఒకరి పని సులువు చేస్తే మేలు చేసినట్టే అనుకునేవాణ్ణి. ఎదుటివాడు రాసిపెట్టిన అబద్ధం కింద మనిషి తేలిగ్గా నిలబడతాడని, అదే తన వేళ్ళతో కొట్టమంటే చెయ్యాడదని ఆ ఏడాది నేర్చుకున్నాను.

ఇదంతా అయ్యాక ఒకరోజు క్లాసు ముగించి వెళుతూ విమల మేడం నా దగ్గర ఆగారు.

“అంతా బాగుంది గానీ, నీ చేతిలో ఆ లేజర్ పాయింటర్ ఎవురిచ్చినారు పెంచలయ్యా?”

తిప్పి చూశాను. పక్కన బంగారు రంగులో కంపెనీ పేరుంది. ఎనిమిదేళ్ళుగా అది నా జేబులోనే ఉంది.