వదిన వెతికిన సొరుగులు

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన ఎల్లిపోనాదమ్మీ," అన్నాడు. కాఫీ తాగి, పేపరు ఒళ్లో పెట్టుకుని, కుర్చీలోనే ఒరిగిపోయిందట. నా మనసులోకి మొదట వచ్చిన మాట చెబితే మీకు నామీద గౌరవం పోతుంది. అయినా చెబుతాను. చావు కూడా ఎంత చక్కగా కుదిరింది ఈవిడకి అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, వచ్చాక ఓ పట్టాన ఆగలేదు.

పోయినవాళ్ల మంచి చెప్పుకోవడం ఆచారం. మా వదిన మంచి చెప్పడానికి నాకంటే తగిన మనిషి లేదు. మెచ్చుకునేవాళ్లు పైపైన చూసి వెళ్లిపోతారు, కుళ్లుకునేవాళ్లు ఏదీ వదలకుండా చూస్తారు. నేను ఆవిడ పెళ్లినాటి నుంచి చూస్తూనే ఉన్నాను. ఆవిడ శిష్యులు సభ పెట్టి ఏం మాట్లాడుకున్నా సరే, ఈ నాలుగు ముక్కలు నేనే రాయాలనిపించింది.

ఎనభైల మొదట్లో మా ఇల్లు విశాఖపట్నం వన్‌టౌన్‌లో, రేవుకి దగ్గర్లో ఉండేది. నాన్న కుర్రతనంలో రేవు తవ్వే కూలీగా వచ్చి, అక్కడే ఖలాసీగా పనిచేసి రిటైరయ్యాడు. అన్నయ్య ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట పనిలో చేరి, పొద్దున్నే కూర్మన్నపాలెం బస్సెక్కేవాడు. నేను కొండ మీదున్న యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీలో చేరాను. మా వీధి నుంచి ఆ కొండెక్కిన మొదటి ఆడపిల్లని నేనే. చర్చిలో పాస్టరుగారు నా పేరెత్తి ప్రార్థన చేసేవారు. ఆ సంతోషం ఒక్క వేసవి కూడా నిలవలేదు. అన్నయ్యకి సబ్బవరం సంబంధం కుదిరింది. పిల్ల బి.ఏ. ప్యాసయిందట. "కోడలు మాత్రం పిల్ల కాదేటి, దాన్నీ సదివించుదాం," అంది అమ్మ. అలా వదిన నాతోపాటే ఎం.ఏ.లో చేరి, వచ్చి నా పక్క కుర్చీలోనే కూర్చుంది. అమ్మ ఇద్దరికీ కలిపి ఒకే డబ్బా కట్టేది. అందులో గుడ్డు ముక్కలు ఆవిడ వైపే ఎక్కువ ఉంటాయని నా గట్టి నమ్మకం.

లైబ్రరీలో అడుగుపెట్టగానే హాల్లో కేటలాగు బీరువాలుండేవి. ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. చిన్న చిన్న సొరుగులు, సొరుగు నిండా అట్టకార్డులు, అవి జారిపోకుండా అడుగున కన్నాల్లోంచి దూర్చిన ఇత్తడి చువ్వ. కొన్ని సొరుగులు రచయిత పేరుతో, కొన్ని పుస్తకం పేరుతో, కొన్ని విషయంతో వెతకడానికి. నా పద్ధతి ఒకటే. సొరుగు లాగడం, నాకు కావలసింది కనిపించకపోతే ధడేల్మని మూసేసి "లేదు" అనడం. తర్వాత కౌంటరు దగ్గరికెళ్లి అడగడం, వాళ్లు విసుక్కుంటే నేనూ విసుక్కోవడం.

వదిన అలా కాదు. తనకి తెలిసిన పుస్తకం ఒక్కటి పట్టుకునేది. దాని కార్డు అడుగుదాకా చదివేది. అక్కడ సన్న అక్షరాల్లో, ఆ పుస్తకాన్ని ఇంకా ఏయే విషయాల కింద చేర్చారో ఉంటుంది. మేమెవరమూ అంత దూరం చదివేవాళ్లం కాదు, ఆవిడ అక్కడి నుంచే మొదలుపెట్టేది. ఆ విషయం సొరుగు లాగితే ఇంకో నాలుగు పుస్తకాలు, వాటి అడుగున ఇంకో విషయం. పుస్తకం ఊసే లేకుండా "ఫలానా చూడుము" అని మాత్రమే ఉన్న కార్డు తగిలితే నాకు ఒళ్లు మండేది. వదినేమో కొత్త ఊళ్లో దారి చెప్పే మనిషి ఎదురైనట్టు సంబరపడేది. నంబరు రాసుకుని లోపలికెళ్లాక తనకి కావలసిన పుస్తకంతోపాటు దానికి అటూ ఇటూ ఉన్నవి కూడా తీసి చూసేది. "ఓ ఇంటికెల్లినాక పక్కింటోల్లని పలకరించకుండా వొచ్చేత్తామేటి?" అనేది.

మన రచయితల పేర్లు వెతకడంలో ఇంకో గొడవ ఉండేది. ఒకరిని ఇంటిపేరుతో చేర్చేవారు, ఒకరిని సొంత పేరుతో, ఇంకొకరిని పేరు చివరి ముక్కతో. నేను ఒక చోట చూసి వదిలేసేదాన్ని. "కార్డు రాసినోడికి ఇంటిపేరేదో సొంత పేరేదో తెల్దేమో పాపం. మూడు సొరుగులూ లాగమ్మీ, నీ సొమ్మేటి పోద్ది," అనేది వదిన. ఇదే యాసలో క్లాసులోనూ మాట్లాడేది. నేను కష్టపడి పుస్తకాల తెలుగు, వచ్చీరాని ఇంగ్లీషు అలవాటు చేసుకున్నాను. మాస్టార్లు మాత్రం ఆవిడ నోరు విప్పితేనే కుర్చీలో ముందుకు జరిగి వినేవారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రెండు చోట్లా గెలుస్తుంటే నాకు గెలవడానికి ఎక్కడ మిగిలింది?

ఎం.ఏ. అయ్యాక అసలు కథ వచ్చింది. మా ప్రొఫెసరుగారి దగ్గర ఆ ఏడు పరిశోధనకి ఒక్కటే సీటుంది. మేమిద్దరం అడిగాం. ఆయనకి విశాఖ రేవు తవ్విన కూలీల మీద పని చేయించాలని ఎప్పటినుంచో కోరిక. "సెలవుల్లో లైబ్రరీ చూడండి. దీనికి మెటీరియల్ ఉందని నన్నెవరు ఒప్పిస్తే వాళ్లకే సీటు," అన్నారు.

నాకు నవ్వొచ్చింది. రేవు నాది. నాన్న చెమట అక్కడే కారింది. మా ఇంటి బియ్యం అక్కడినుంచే వచ్చాయి. చెరుకు తోటల మధ్య పెరిగినావిడ నాకు రేవు గురించి చెప్పడమంటే, మేనమామకి అమ్మమ్మగారింటి ముచ్చట్లు చెప్పడమే. అయినా ఎందుకైనా మంచిదని ఆ సీటు నాకు రావాలని మోకాళ్లూని ప్రార్థించాను. ఆవిడకి రాకూడదని కూడా ప్రార్థించాను. రెండూ ఒకటే కదా ప్రభువా అని నచ్చజెప్పాను.

రేవుల సొరుగు లాగాను. ఓడలు, నీటి లోతులు, ఇంజనీర్ల గొప్పలు. కార్మికుల సొరుగు లాగాను. బొంబాయి మిల్లులు, కలకత్తా జనపనార. మా ఊరి పేరు మీద చూస్తే దొరల యాత్రలు. కూలీల గురించి ఎవరూ ఏమీ రాయలేదని తేల్చేసుకున్నాను. మాస్టారి దగ్గరికెళ్లి, "పేదవాళ్ల చరిత్ర ఎవరు రాస్తారు సార్? మనమే మొదలుపెట్టాలి," అని ఆవేశపడ్డాను. ఆయన తలాడించారు. సీటు చేతిలో పడ్డట్టే ఇంటికొచ్చాను.

వదిన మాత్రం నాకు సంబంధం లేదనిపించిన సొరుగుల ముందు కూర్చుంది. రైల్వేలు. కరువులు. మలేరియా. క్రైస్తవ మిషన్లు. వెనక నుంచి చూసి, పాపం దారి తప్పింది అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది.

ఒక సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చున్నాడు. వదిన ఆ పక్కనే కవ్వళ్ల చేపలు బాగు చేస్తోంది. కత్తిపీట మీంచి తలెత్తకుండానే అడిగింది.

"మావయ్యా, రేవు తవ్వినప్పుడు మీ గుంపులో జొరాలొచ్చీవేటి?"

నాన్న మాట్లాడే మనిషి కాదు. రేవు సంగతులు చెప్పమని నేను ఎన్నిసార్లు బతిమాలినా "ఏటున్నాది సెప్పడానికి, పని సేసినాం," అని బీడీ ముట్టించేవాడు. అలాంటిది ఆ రోజు గొంతు సవరించుకున్నాడు.

"రాకేటమ్మా. ఆ ఊబి నిండా దోమలే. ఒనికిపోతంటే గోనెలు కప్పీసీవోరు. నాతోటి ఊర్నించొచ్చినోడు లెగనేదు. నన్ను బండి మీదేసి మిషనాసుపత్రికి తీసుకెల్లినారు. దొరసానమ్మ సేదు మందు పోసీది. పోసి, మంచం పక్కన కూకుని పాట పాడీది. తెలుగు పాటే, దొరసాని గొంతుతో. ఆ పాట కోసరమే నాను లేచినాక ఆల్ల గుడికెల్లినాను. ఎల్లినోన్ని ఉండిపోనాను."

నేను గడప లోపల నిలబడి విన్నాను. మేం క్రైస్తవులం ఎలా అయ్యామో నాకు అప్పటిదాకా తెలియదు. అడగాలని కూడా తోచలేదు. ఆ కథకి నాకు కన్నీళ్లు రావాలి. రాలేదు. మా నాన్న ఎవరు లాగితే వాళ్లకి తెరుచుకునే సొరుగా అని కడుపు మండిపోయింది. ఆ రాత్రి ఆవిడ వండిన చేపల పులుసు అద్భుతంగా ఉంది. అందుకూ మండింది.

మర్నాడు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "మలేరియా సొరుగులో మా నాన్న ఉంటాడని నీకెలా తెలుసు?"

వదిన కిటికీలోంచి సముద్రం చూస్తూ చెప్పింది. "నీకు కావాల్సిన పేరుతో ఎతికితే ఎలగ దొరుకుతాదమ్మీ? కూలోన్ని కూలోడని ఎవుడు పుస్తకం రాస్తాడు? రేవు తవ్వించిన రైలు కంపినీవోడు పని కోసం సూసినాడు. డాకటేరు జొరం కోసం సూసినాడు. పాదిరి ఆత్మ కోసం సూసినాడు. మావయ్యని ఎవుడు సూసినాడో ఆడి పేరు మీదే ఎతకాల."

జీవితంలో నేను విన్న మంచి పాఠాల్లో అదొకటి. చెప్పింది ఇంకెవరైనా అయితే అక్కడే దండం పెట్టేదాన్ని. "రా, ఇద్దరం కలిసి సూద్దాం, బోల్డు ఉన్నాది," అంది కూడా. నాకు తలనొప్పిగా ఉందన్నాను. నిజంగానే వచ్చింది.

సీటు ఆవిడకే ఇచ్చారు. "మీ వదినగారి దగ్గర కాస్త వెతకడం నేర్చుకోమ్మా," అన్నారు మాస్టారు, మంచి మనసుతోనే. పుండు మీద కారం చల్లేవాళ్లందరూ చెడ్డవాళ్లేం కాదు.

అంతటితో పోయినా సరిపెట్టుకునేదాన్ని. ఒక రోజు రీడింగు హాల్లో, ఉద్యోగాల ప్రకటనల కోసం పేపరు తిరగేస్తున్నాను. ఎదురుగా ద్వారంలోంచి నాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, చేతిలో చెప్పులు. లోపల చెప్పులేసుకోవచ్చని వదిన చెబుతోంది, ఆయన వినడం లేదు. నేను పట్టా పుచ్చుకున్న రోజున మోకాళ్ల నొప్పులని కొండెక్కని మనిషి. వదిన ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఒక పెద్ద పాత పుస్తకం తెచ్చి తెరిచింది. రైల్వేల సొరుగులో దొరికిన పుస్తకమట. అందులో రేవు తవ్వుతున్నప్పటి ఫొటోలున్నాయి. అక్షరం రాని మా నాన్న ఆ పేజీ మీద వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయి, ఒక ముఖం మీద ఆపాడు. వదిన వంగి చూసింది. ఇద్దరి తలలూ ఆనుకున్నాయి. ఆయన ఏదో చెబుతున్నాడు, ఆవిడ రాసుకుంటోంది. నేను లేచి వెళ్లి ఉంటే నన్ను వద్దనేవాళ్లు కాదు. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. నాకు కావలసిన సీటు ఏదో అప్పుడు తెలిసింది. అది మాస్టారి దగ్గర ఉన్నది కాదు.

వదిన ఆ పరిశోధన పూర్తిచేసి అదే డిపార్ట్‌మెంట్లో పాఠాలు చెప్పింది. నేను ఆనందపురంలో జూనియర్ కాలేజీ లెక్చరర్నయ్యాను. పెళ్లి చేసుకోలేదు, దానికి వదినతో సంబంధం లేదు, అన్నీ ఆవిడకే అంటగట్టకూడదు. మా కాలేజీ పిల్లలు "ఈ విషయం మీద పుస్తకాల్లేవు మేడమ్," అంటూ వస్తే, దాన్ని ఇంకెవరు ఏ పని కోసం చూసి ఉంటారో ఆలోచించమని చెప్పేదాన్ని. ఇది మా వదిన మాట అని కూడా చెప్పేదాన్ని. పళ్లు కొరుక్కుంటూ చెప్పేదాన్ని, కానీ చెప్పేదాన్ని. ఆ మాటతో మా పల్లెటూరి పిల్లలు ఎక్కడెక్కడివో తవ్వి తెచ్చేవాళ్లు. వాళ్ల ముఖాలు చూస్తే నాకు ఆవిడ మీద కృతజ్ఞత కలిగేది, ఇంటికొచ్చేసరికి మళ్లీ మామూలే.

నాన్న చనిపోయిన ఏడాది నా మనసులో ఉన్నది ఇక దాచుకోలేకపోయాను. ఇద్దరం వంటింట్లో కూర్చుని చింతపండు పిక్క తీస్తున్నాం. "వదినా, నువ్వంటే నాకు మొదట్నుంచీ కుళ్లు," అన్నాను.

ఆవిడ చెయ్యి ఆపలేదు. "తెల్సు," అంది. "నాకు నేదేటి నీ మీద?"

"నామీదెందుకు?"

"నాను ఉయ్యాల్లో ఉన్నప్పుడే మా అయ్య పోనాడు. మొకం తెల్దు. నువ్వేమో మావయ్య ఎత్తుకుని తిప్పితే పెరిగినావు. నీకు పుట్టుకతో వొచ్చినోన్ని నాను సొరుగులన్నీ లాగి ఎతుక్కోవలసొచ్చినాది." ఒక పిక్క తీసి పక్కన పెట్టింది. "నీకు ఉత్తినే వొచ్చినాడని మండీది నాకు."

ఇన్నేళ్లూ కుళ్లు నా ఒక్కదాని సొత్తు అనుకున్నాను. చివరికి దాన్లోనూ ఆవిడకి వాటా ఉంది. ఆ సాయంత్రం ఇద్దరం కాఫీ పెట్టుకుని తాగాం.

ఆదివారం ఫోన్లో అన్నయ్య అంతటితో ఆపలేదు. "మన సమాదుల తోటలో నాన్న పక్కన ఒక్క సోటే ఉన్నాది. అటేపు అమ్మ. ఇటేపుది నీకని నాన్న సెప్పి పోనాడు. నీకు సెప్పలేదు నాను," అన్నాడు.

నాకని నాన్న చెప్పాడట. మా నాన్న, తిన్నావా పడుకో తప్ప నాతో మాట్లాడని మనిషి, నాకోసం తన పక్కన చోటుంచాడు. ఆ మాట ఇన్నేళ్ల తర్వాత వినడానికి వదిన పోవలసి వచ్చింది. ఫోను చెవికి అంటుకుపోయింది.

"ఏటి సేద్దామమ్మీ?" అన్నాడు అన్నయ్య.

"వదినకివ్వు," అన్నాను. అనేసి, వెంటనే ఎందుకన్నానా అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం పాస్టరుగారు వాక్యం చదివారు. ఆవిడ శిష్యులు తోట గేటుదాకా నిలబడ్డారు. అందరూ పిడికెడు మట్టి వేసి వెళ్లిపోయారు, అన్నయ్యని ఎవరో చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి నడిపించారు. నేను సమాధుల కాళ్ల వైపు ఒక్కదాన్నే మిగిలాను. నాన్న, పక్కన పచ్చి మట్టి కింద వదిన. ఈపాటికి ఆవిడ ఏదో అడిగే ఉంటుంది, ఆయన గొంతు సవరించుకునే ఉంటాడు. నేను కొంగు బిగించుకుని ఇంకాస్త ముందుకు వంగాను. ఒక్క ముక్క వినబడితే ఒట్టు.