బేస్ తీగలు ఎంచుకోవడం నేర్పిన మాస్టారు

మా మాస్టారు పోయారు. గురువారం ఉదయం ఆఫీస్‌కి బయలుదేరబోతూ కారు అద్దం మీద మంచు గీకుతుంటే వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాన్న నిద్రలోనే వెళ్లిపోయారు," అంది. నేను ఏదో అని ఫోన్ పెట్టేసి, పిచ్చిదానిలా మిగిలిన మంచు మొత్తం గీకి, అప్పుడు ఇంట్లోకి వెళ్లి ఏడ్చాను. మా పాటల కార్యక్రమానికి అప్పటికి మూడు వారాలుంది. అందులో బేస్ గిటార్ వాయించాల్సింది ఆయనే.

అమెరికాలో మేముండే ఊరు నోవైలో చాలామందికి ఆయన కూతురింట్లో ఉండే పెద్దాయన, గుడిలో వెనక వరసలో కూర్చునే మనిషి, అంతే. విజయవాడలో ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకూ పందిళ్లకూ ఆర్కెస్ట్రాలో బేస్ వాయించారని నాకూ చాలాకాలం తెలియదు. తెలిసిన వారమే వెళ్లి నేర్పమన్నాను. నాకప్పుడు నలభై ఒకటి. "ఈ వయసులో వేళ్లు ఒప్పుకుంటాయా మాస్టారూ?" అని అడిగితే, "వేళ్లని ఎవరడిగారమ్మా, నువ్వు ఒప్పుకో చాలు," అన్నారు.

నేను కార్లలో శబ్దాలు కొలిచే ఇంజినీర్ని. తీగలు కొనాలనగానే ఎక్సెల్ షీట్ తయారుచేశాను. లోహం, మందం, కొన్నవాళ్లు ఇచ్చిన స్టార్లు, అన్నీ ఎక్కించాను. మాస్టారు కళ్లజోడు సవరించుకుని కిందిదాకా ఓపిగ్గా చదివారు. "సంబంధాలు బానే వెతికావు. పిల్లని చూశావా?" అన్నారు.

"వెబ్‌సైట్‌లో శాంపిల్స్ విన్నాను కదండీ."

"అది వాళ్ల గదిలో వినిపించేది. మన హాల్లో తబలా, ఢోలక్ ఉంటాయి."

బేస్ తీగకి మధ్యలో ఉక్కు తీగ ఉండి, దాని చుట్టూ ఇంకో తీగ చుట్టి ఉంటుంది. ఆ చుట్టింది చదునుగా ఉంటే వేలికి నున్నగా ఉంటుంది, శబ్దం మెత్తగా వస్తుంది. గుండ్రటి తీగ చుడితే అది రౌండ్‌వౌండ్. వేలికి గరుకు తగులుతుంది కానీ ప్రతి స్వరమూ విడిగా వినిపిస్తుంది. వేళ్లు బొబ్బలెక్కి ఉన్నాయేమో, నాకు నున్నటివే నచ్చాయి. మాస్టారు ససేమిరా అన్నారు. ఢోలక్ మోతలో ఆ మెత్తటి శబ్దం కలిసిపోతుందట, మనం వాయించామో లేదో మనకే తెలియదట. ఆయన పరీక్ష వేరే ఉండేది. బేస్‌మెంట్‌లో వాయిస్తూ, పైన వంటింట్లో ఉన్న వాళ్లావిడని, అంటే మా ఆంటీని, "ఏ పాటో చెప్పు," అని కేకేసి అడిగేవారు. కుక్కర్ కూతల మధ్య ఆవిడ పల్లవి అందుకుంటే ఆ తీగలు పాస్. "వినిపించింది లెండి, ఇక భోజనానికి రండి," అనేవారు ఆంటీ.

నా మొదటి రౌండ్‌వౌండ్ సెట్‌ని నేనే పాడుచేశాను. లావు తీగ పొడవెక్కువగా ఉందని, కొలత ప్రకారం ముందే కసుక్కున కత్తిరించి, ఆ తర్వాత గిటార్ తల దగ్గర తీగ బిగించే మరకి చుట్టాను. చుట్టు వదులైపోయి అది పగిలిన కుండలా మోగింది. డిఫెక్టివ్ పీస్, రిటర్న్ చేసేస్తానని నేను ఒకటే గోల. మాస్టారు తీగ కొన చూశారు. "ముందు వంచాలి తల్లీ, ఆ వంపు దాటాక కత్తిరించాలి. లేకపోతే లోపలిదాన్ని పైది వదిలేస్తుంది." పోనీ కొత్తది వేసుకుంటానంటే వేసుకోనివ్వలేదు. వారం రోజులు దాని మీదే సాధన చేయించారు. నాకు ఒళ్లు మండిపోయింది. "చచ్చిన తీగ ఎలా ఉంటుందో వినకపోతే బతికినదాన్ని ఎలా ఎంచుకుంటావు?" అన్నారు. నాకు చెవి వచ్చిందంటే ఆ వారంలోనే వచ్చింది.

గరుకు తీగల మీద వేలు జారితే కీచుమంటుంది. ఆ చప్పుడుకి నేను సిగ్గుపడితే, "ఉండనీ అమ్మా, అక్కడో మనిషి ఉందని తెలుస్తుంది," అనేవారు.

పదమూడో రోజు దాటాక మా బృందం కలిసింది. మా కీబోర్డ్ ఆయన మంచివాడే. "ఏమీ అనుకోకండి, బేస్‌కి ముందే రికార్డు చేసిన ట్రాక్ పెట్టేద్దాం. స్టేజ్ మీద మాస్టారి ఫొటో పెడదాం. మీకు స్టేజ్ అలవాటు లేదు కదా, రిస్క్ ఎందుకు?" అన్నాడు.

నాకు చర్రున కోపం వచ్చింది. "ఆయన ఫొటో పెట్టి, పక్కనే లాప్‌టాప్‌తో ఆయన పని చేయిస్తారా? నేను వాయిస్తాను."

"రిహార్సల్‌లో వినిపించకపోతే?"

"అప్పుడు నేనే ట్రాక్ పెట్టమంటాను."

ఆంటీ ఇచ్చిన మాస్టారి గిటార్ మీద తీగలు మూగబోయి ఉన్నాయి. ఈసారి షీట్ వేయలేదు. మ్యూజిక్ షాపుకి వెళ్లి, గోడకున్న బేస్ గిటార్లు ఒక్కొక్కటే దించి, దేనికి ఏ తీగలున్నాయో అడిగి వాయించాను. స్టీల్ చుట్టినవి మరీ గలగలమన్నాయి, పాడేవాళ్ల గొంతు మీద పడతాయనిపించింది. నికెల్‌లో సన్నవి చేతికి హాయిగా ఉన్నాయి కానీ కింది స్వరం పలచబడింది. నికెల్‌లోనే లావు సెట్ తీసుకున్నాను. ఇంటికొచ్చి, వంచి, కత్తిరించి, బిగించాను. ఐదు రోజులు చేతులు నొప్పెట్టినా మానలేదు. రిహార్సల్‌లో రెండో పాట అయ్యాక కీబోర్డ్ ఆయన లాప్‌టాప్ మూసేశాడు.

కార్యక్రమంలో ఆరు పాటలు వాయించాను. నాలుగో పాటలో ఒకచోట తప్పాను, ఆగకుండా అందుకున్నాను. ఎవరు మెచ్చుకున్నారో గుర్తులేదు. ఇప్పటికీ ఆయన్ని ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది, అడిగే దారి లేదు. నేర్పినందుకు నోరారా థ్యాంక్స్ కూడా ఎప్పుడూ చెప్పలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

భోజనాల దగ్గర ఆంటీ ఒక్కరే కూర్చుని ఉంటే రెండు ప్లేట్లలో పెరుగన్నం పెట్టించుకుని వెళ్లాను. ఆవిడ ప్లేటు అందుకోకుండా నా చేతినే చూస్తున్నారు. కొత్త తీగల లోహం అంటి నా వేళ్ల కొనలు నల్లబడ్డాయి.

"ఆయన వేళ్లూ ఇంతే," అన్నారు. "నలభై ఐదేళ్లు తిట్టాను, ఆ చేత్తో కంచం ముట్టుకోవద్దని."

కడుక్కొస్తానని లేచాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టారు. ఆ చేత్తోనే అన్నం కలుపుకున్నాను. నేను తినడం అయ్యేదాకా ఆంటీ నా వేళ్లనే చూస్తూ ఉండిపోయారు.