చపాతీ పిండి, అత్తమ్మ పెట్టె తాళం

మొన్న ఆదివారం మా అత్తమ్మ చర్చికి అరగంట ఆలస్యంగా వెళ్ళింది. కారణం నేనే. పాథాలజీలో ఎం.డి. చేసి, మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే నేను. చాయ్ చల్లారకముందే చెప్పేస్తా, మధ్యలో నవ్వితే లేచి వెళ్ళిపోతా.

అత్తమ్మ పాతికేళ్ళు ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్. ఇప్పుడు మతిమరుపు. అన్నం తిన్న సంగతి మర్చిపోతుంది, మట్టెవాడలో మా ఇల్లు ఏ గల్లీనో మర్చిపోతుంది. ఆల్జీమర్స్ అన్నారు డాక్టర్లు. కీర్తనలు మాత్రం చరణం తప్పకుండా పాడుతుంది. అదే మా ఆడబిడ్డ సుగుణకు బాధ. ప్రతి శనివారం స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైలెక్కి వస్తుంది. వచ్చీ రాగానే కన్నతల్లే "నువ్వెవరి బిడ్డవమ్మా?" అని అడుగుతుంది.

ఆదివారం పొద్దున నేను చపాతీ పిండి కలుపుతుంటే సుగుణ వచ్చి పక్కన కూచుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పాటలన్నీ యాదికుంటయి, నా పేరొక్కటే యాదికుండదా వదినా? అమ్మ కావాలనే చేస్తాంది. ఇగ నేను రాను."

సుగుణ రాకపోతే అత్తమ్మకు ఇంకేం మిగులుతుంది? ఎలాగైనా తనకు అర్థమయ్యేలా చెప్పాలి. నాలో టీచర్ లేచింది.

"కావాలని కాదు సుగుణా. మెదడుల ఒక కణం ఇంకో కణానికి కబురు పంపుతది. ఆ కబురు తాళంచెవి అనుకో. అవతలి కణం మీద తాళం ఉంటది, దాన్ని రిసెప్టర్ అంటరు. ఈ జబ్బుల అమైలాయిడ్ అని ఒక ప్రోటీన్ పేరుకపోతది. తాళం ఖరాబైతది. ఇగ కబురొచ్చినా తలుపు తెరుచుకోదు."

"అంటే?"

ఆ ప్రోటీన్‌ను పోయినేడే, 1984లో, విడదీశారని లైబ్రరీలో జర్నల్ చూశా. అది ఏ తాళాన్ని ఎలా పాడుచేస్తుందో పెద్ద పెద్ద సైంటిస్టులే ఇంకా తేల్చలేదు. నేను మాత్రం ఆ పొద్దున తేల్చేశా. పక్క గదిలో అత్తమ్మ ట్రంకు పెట్టె, దానికి పాత ఇత్తడి తాళం. నా చేతిలో పిండి.

"ఇగో, గిట్ల" అని కాస్త పిండి తాళంలో కూరి, తాళంచెవి పెట్టి తిప్పా. కొద్దిగా తిరిగింది. ప్రయోగం ఫెయిలైతే పరువేం కాను? ఇంకాస్త దట్టించా. ఈసారి కదల్లేదు. సుగుణ కళ్ళు తుడుచుకుని "పాపం అమ్మ" అంది. నా పాఠం ఇంత బాగా ఎవరికీ అర్థం కాలేదు ఇప్పటిదాకా.

అంతలో అత్తమ్మ స్నానం చేసి వచ్చింది. "బిడ్డా, నా తెల్లచీర తియ్యి."

అది నెల మొదటి ఆదివారం, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. తెల్లచీర కట్టనిదే అత్తమ్మ ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళదు. చీర ఆ పెట్టెలోనే ఉంది.

నీళ్ళు పోస్తే పిండి కరుగుతుందనుకున్నా. జిగురైంది. మా ఆయన వచ్చి "ఫికర్ చెయ్యకు, సుత్తె తెస్త" అన్నాడు. అత్తమ్మ రెండు చేతులతో పెట్టెను పట్టుకుంది.

"మీ నాయిన కొన్న పెట్టె ఇది. పగలగొట్టద్దు." అటు చర్చి గంట కొట్టారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తాళంల పిండి ఎవలు పెట్టిన్రు?" అని అడిగింది అత్తమ్మ. అన్నాచెల్లెళ్ళిద్దరూ నా వైపు చూశారు.

అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసి, సిగలోంచి హెయిర్‌పిన్ తీసింది. "హాస్టల్ల నువ్వు కొత్తగ చేరినవా? జర అటు జరుగు."

కీర్తన కూనిరాగం తీస్తూ పిండంతా తవ్వి తీసింది. రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి చెవి తిప్పింది. తెరుచుకుంది. మనుషుల పేర్లు పోయినా, హాస్టల్ పిల్లల పెట్టెలు తెరిచిన ఆ చేతులకు పని గుర్తుంది.

సుగుణ తల్లికి కుచ్చిళ్ళు సర్దుతుంటే మళ్ళీ అదే ప్రశ్న. "నువ్వెవరి బిడ్డవమ్మా?"

"నీ బిడ్డనే అమ్మా." అలక లేదు, విసుగు లేదు. చర్చికి చేరేలోపు అత్తమ్మ ఆరుసార్లు అడిగింది, సుగుణ ఆరుసార్లూ అలాగే చెప్పింది. నాకే ఏడుపొచ్చింది. సాయంత్రం వెళ్తూ, వచ్చే శనివారం పొద్దున బండికే వస్తానంది.

ఇక నా సంగతి. అత్తమ్మకు ఇప్పటికీ నా పేరు గుర్తు లేదు. కానీ నేను గోధుమపిండి డబ్బా మూత తీస్తే చాలు, గబగబా వెళ్ళి తాళానికి కొంగు కప్పి పెట్టె మీద కూచుంటుంది. ఈ ఒక్క సంగతి ఏ రిసెప్టర్‌లో దాచుకుందో, నా ఎం.డి. చదువుకు అందట్లేదు.