వరదానం మాస్టారి నూనె డబ్బా

వరదానం మాస్టారికి ఈత రాదు. ఈ సంగతి తనకూ తన భార్య రత్నకుమారికీ తప్ప లోకంలో మూడో మనిషికి తెలియదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగం చేసి, రెండువేల ఎనిమిదిలో పూలదండతో, గోడగడియారంతో రిటైరయ్యారు.

ఈత రాకపోవడం ఆయన తప్పేమీ కాదు. పుట్టింది చింతలపూడి అవతల మెట్ట ఊళ్ళో. అక్కడ మోకాలి లోతు నీళ్ళు కనిపిస్తే ముందు గేదెల వంతు, తర్వాతే మనుషుల వంతు. డ్రిల్ మాస్టారుగా ఏలూరు మిషన్ హైస్కూల్లో చేరేనాటికి ఆయనకి ఇరవై నాలుగేళ్ళు. తీరా చూస్తే ఇక్కడి పిల్లలు బడి వదలగానే పుస్తకాలు గట్టున పడేసి కాలవలో దూకేస్తున్నారు. చేపపిల్లల్లాంటి ఆ పిల్లల ముందు, కొత్తగా వచ్చిన డ్రిల్ మాస్టారు నాకు రాదర్రా అని ఎలా అంటారు? మెడలో విజిల్ వేసుకుని గట్టు మీద నిలబడ్డారు. ఈత మీద దొరికిన పుస్తకమల్లా చదివారు. "చెయ్యి బాగా చాపు! కాలు మడవకు!" అని అరిచారు. అలా మడమ తడవకుండా ముగ్గురు జిల్లా ఛాంపియన్లను తయారుచేసిన ఘనుడు ఆయన. ఆ ముగ్గురిలో ఒక్కడికీ, మాస్టారు ఎప్పుడూ నీళ్ళలోకి దిగరేమిటన్న అనుమానం రాలేదు. డ్రిల్ మాస్టారంటే విజిలూ గట్టూ అనే వాళ్ళనుకున్నారు.

రిటైరైన ఆగస్టులో పెర్సిస్ ఆయన ఇంటికొచ్చింది. హాస్టల్లో ఉండి ఆయన దగ్గరే చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఇరవై ఒక్కేళ్ళు. కైకలూరు దిగువన ఉప్పుటేరు గట్టు మీద వాళ్ళ ఇల్లు. తండ్రి యోసేపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు. ఆ పిల్ల చేతిలో ఒక కరపత్రం ఉంది. ఫిబ్రవరిలో ఉప్పుటేరులో దాదాపు రెండు కిలోమీటర్ల ఈత, ఒడ్డెక్కగానే సైకిలు మీద మండవల్లి మీదుగా కొల్లేరు దాటి ఏలూరు దాకా వెళ్ళి రావడం, అది దిగగానే గట్టు వెంట ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. మూడూ ఒకే రోజు, ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా. ట్రయథ్లాన్ అంటారు.

"మా ఏటిలోనేనండి మాస్టారూ. నేను పుట్టి పెరిగిన నీళ్ళండి. నేర్పండి," అంది.

మాస్టారు కరపత్రం రెండువైపులా చదివారు. ఈత డెబ్బై నిమిషాల్లో పూర్తి చెయ్యకపోతే నంబరు చీటీ తీసేసుకుని ఇంటికి పంపేస్తారని చిన్న అక్షరాల్లో ఉంది. ఆ వాక్యం కింద ఆయన పెన్సిలుతో గీత గీశారు.

యోసేపు ఒప్పుకున్నాడు గాని, ఒప్పుకున్న తీరు వేరు. "మాస్టారండీ, పిల్లని మీ చేతుల్లో పెడుతున్నానండి. దానికేమైనా అయితే నేను బతకలేనండి. ఈ ఒక్క పోటీయేనండి. మధ్యలో తీసేశారంటే ఇంక ఈ గొడవంతా వదిలేసి మిషను కుట్టుకుంటుందండి. అదీ ఒప్పుకుంది," అన్నాడు.

పోటీ జరిగే దారిని పోటీకి ముందే చూసుకోవాలి, ఆ చూసుకోవడంలో ఒంటికి దెబ్బ తగలకూడదు. ఇదీ మాస్టారి సిద్ధాంతం. వారానికి మూడు రోజులు మొదటి బస్సులో ఏలూరు నుంచి దిగేవారు. గట్టు మీద కరెంటు స్తంభాలు లెక్కపెట్టి, మధ్య దూరం తాడుతో కొలిచి, పంతొమ్మిదో స్తంభం దాకా వెళ్ళి వెనక్కి వస్తే సరిపోతుందని తేల్చారు. పోటు ఎప్పుడొస్తుందో, నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయో జాలర్లను అడిగి రాసుకున్నారు. వరదలొచ్చిన మూడు వారాలు పెర్సిస్‌ని గట్టు కూడా దిగనివ్వలేదు. మామూలు రోజుల్లో ఆ పిల్ల నడుముకి పొడుగాటి తాడుతో అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా కట్టేవారు. డబ్బాకి ఎర్ర గుడ్డ. అలిసిపోతే పట్టుకోవడానికి డబ్బా, పడవలవాళ్ళకి దూరం నుంచి కనబడడానికి గుడ్డ. ముడి వేసి రెండుసార్లు లాగి చూసేవారు.

"ఒక్కదానివీ నీళ్ళల్లో దిగావో, నేను నీకు మాస్టర్ని కాను," అన్నారు మొదటిరోజే. అందుకే ఆ జాలర్లలో అబ్బులు అనేవాడి దోనె మాట్లాడారు. తాటిమొద్దు తొలిచి చేసిన దోనె అది. గట్టిగా తుమ్మితే పక్కకి ఒరుగుతుంది. మాస్టారు రాని రోజుల్లో అబ్బులు ఒక్కడే ఆ పిల్ల వెంట ఉండేవాడు. వచ్చిన రోజుల్లో మాస్టారు కూడా ఎక్కేవారు. పిల్లని నా చేతుల్లో పెట్టాడు, గట్టు మీద నిలబడి విజిల్ ఊదితే సరిపోదు అనుకున్నారు. రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని, కళ్ళు పెర్సిస్ మీదే పెట్టి, పెదవులు మాత్రం కదుపుతూ కీర్తన చదువుకుంటూ కూర్చునేవారు. తనకి మాత్రం డబ్బా లేదు, గుడ్డా లేదు. డ్రిల్ మాస్టారు నడుముకి నూనె డబ్బా కట్టుకుంటే జనం ఏమనుకుంటారు!

రోడ్డు సంగతి ఇంకో కథ. తెల్లవారుజామున చేపల లారీలు ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోతాయి, మలుపుల్లో సైకిలు జారుతుంది. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. మాస్టారు ఏలూరు దాకా గడపగడపకీ వెళ్ళారు. "ఏవండీ, శనివారం పొద్దున్న మా అమ్మాయి సైకిలు మీద వస్తుందండి. ఆ గంటసేపు ధాన్యం ఇవతలికి లాగించండి, గేదెల్ని ఆపించండి," అని బతిమాలారు. చేసిన పొరపాటల్లా ఈ మర్యాదే. కొల్లేటి పక్క వాళ్ళ దగ్గరికెళ్ళి అంత మర్యాదగా చెబితే ఏమవుతుంది? శనివారం పొద్దున్నకి రోడ్డంతా జనం. మండవల్లిలో ఒకావిడ మజ్జిగ చెంబుతో అడ్డొచ్చింది. కైకలూరులో చేపల మేతల షాపు వీరవెంకటరమణగారు సైకిలు హ్యాండిలు పట్టుకుని, "అలా వెళ్ళిపోతే ఎలాగమ్మా, రెండిడ్లీ తిని వెళ్ళాలి," అని ఆపేశారు. పెర్సిస్ పదకొండు చోట్ల ఆగింది. వెనకాల మోపెడ్ మీద వస్తున్న మాస్టారికి కూడా పదకొండు చోట్లా మర్యాద జరిగింది. మర్నాటి నుంచి ఆయన మళ్ళీ గడపగడపకీ తిరిగి, దయచేసి పట్టించుకోవద్దని బతిమాలుకోవలసి వచ్చింది. ధాన్యం ఎంత జారుడో ప్రేమ కూడా అంతేనని ఆ రోజు తెలిసింది.

సైకిలు కుదిరింది. పరుగు కుదిరింది. కుదరనిది ఈతే.

డెబ్బై ఆరు నిమిషాలు. మరోసారి డెబ్బై నాలుగు. క్రిస్మస్ ముందు డెబ్బై ఎనిమిది. మాస్టారు ముందు పోటును అనుమానించారు. తర్వాత నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్కని. తర్వాత తన తాడునే అనుమానించి స్తంభాల మధ్య దూరం మూడోసారి కొలిచారు. ఆఖరికి పిల్ల తినే తిండిని అనుమానించి, రత్నకుమారి చేత కోడిగుడ్లు ఉడికించి టిఫిన్ క్యారేజీలో మోసుకెళ్ళారు. పెర్సిస్ గుడ్లు తినేది, నవ్వేది, మళ్ళీ డెబ్బై అయిదు నిమిషాలకి ఒడ్డెక్కేది. రొప్పు కూడా ఉండేది కాదు. అదే ఆయనకి అర్థమయ్యేది కాదు.

"పోటీ రోజు చూద్దాంలెండి మాస్టారూ," అనేది.

"చూసేదేముంది తల్లీ, చీటీ తీసేస్తారు," అనేవారాయన. ఇంటికొచ్చి అన్నం సరిగా తినేవారు కాదు. కుట్టుమిషను ముందు తలవంచుకుని కూర్చున్న పెర్సిస్ ఆయన కళ్ళకి కట్టేది. కుట్టుపని తక్కువదని కాదు. ఆ పిల్ల తల ఎత్తి నీళ్ళని చూసే చూపు ఆయనకి తెలుసు. దాన్ని నేనే సరిగా నేర్పలేక పాడుచేస్తున్నాను, ఈత రానివాడు ఈత నేర్పితే ఇంతే అని లోపల్లోపల కుమిలిపోయేవారు.

ఫిబ్రవరి వచ్చింది. పోటీనాడు గట్టు మీద జనం. పోటీ నడిపేవాళ్ళ పడవలు తప్ప వేరేవి నీళ్ళలో ఉండకూడదన్నారు. అబ్బులు దోనె ఒడ్డుకి కట్టేశాడు. మాస్టారు రత్నకుమారి పక్కన గట్టు మీదే నిలబడ్డారు. ఆవల యోసేపు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. విజిల్ మోగింది. నలభై తలలు నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళి మంచులో కలిసిపోయాయి.

ఈ పోటీలో డబ్బా కట్టనివ్వరు. ఎర్ర గుడ్డ లేని ఏరు మాస్టారికి కొత్తగా ఉంది. ఏ తల ఎవరిదో తెలియదు. ముప్పై నిమిషాలు. నలభై. ఆయన గడియారం చూడడం మానేసి మళ్ళీ మొదలుపెట్టారు. యాభై రెండో నిమిషంలో మంచులోంచి నలుగురైదుగురు వచ్చారు. వాళ్ళలో ముందున్న ఆడపిల్ల మోచెయ్యి ఎత్తే తీరు చూసి ఆయన గట్టు అంచుదాకా వెళ్ళారు. పెర్సిస్! గడియారం ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నారు. పక్కనున్నాయన గడియారం కూడా చూశారు. యాభై మూడు.

తాడు కట్టిన దారిలో సైకిళ్ళ వైపు పరిగెడుతున్న ఆ పిల్లని తాడు ఇవతల నుంచి అడిగారు. "ఏంటి తల్లీ ఇది? ఎలా?"

"ఇవాళ మీరు గట్టు మీదున్నారు కదండీ మాస్టారూ. నాకు బెంగ లేదండి!" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

ఆయనకి అర్థం కాలేదు. రత్నకుమారి వైపు తిరిగారు. ఆవిడ ఉన్నట్టుండి టిఫిన్ క్యారేజీ మూతలు సర్దడం మొదలుపెట్టింది. అబ్బులు ఏటి వైపు చూస్తున్నాడు.

"రత్నం," అన్నారు మాస్టారు.

"ఏం చెయ్యమంటారండీ," అంది ఆవిడ తల ఎత్తకుండానే. "మొదటిరోజు మీ వెంట నేనూ వచ్చాను కదా, మీరు ఆ దోనె ఎక్కుతుంటే నా ప్రాణం పోయింది. వద్దంటే వింటారా? అందుకని పిల్లని పక్కకి పిలిచి, అమ్మా, మీ మాస్టారికి ఈత రాదు, కాస్త కనిపెట్టుకుని ఉండు అని చెప్పాను. సరేనంది. అంతే."

అబ్బులు గొంతు సవరించుకున్నాడు. "మీరుంటే దోనె నెమ్మదిగా తొయ్యాలి కదండీ. గట్టిగా తోస్తే ఒరిగిపోతదండి. పాప దోనెకి చేతెడు దూరంలోనే ఈదేదండి. మీరు పడితే పట్టుకోవాలంటండి. మీరు రాని రోజుల్లో ఇలాగే యాభై మూడు, యాభై నాలుగండి. మీకు చెప్పొద్దని పాప ఒట్టేయించుకుందండి."

దోనె ఆ పిల్ల వెంట వెళుతోందని ఇన్నాళ్ళూ ఆయన అనుకున్నారు. ఆ పిల్లే దోనె వెంట ఈదింది. ఆరు నెలలు. తన నంబరు చీటీ కోసం ఆయన తిండి మానేసి బెంగపడుతుంటే, ఒక్క మాటైనా అనకుండా కోడిగుడ్లు తిని నవ్వింది, మాస్టారి పరువు పోకూడదని. ఆయన గట్టు మీద కూలబడి, అంత జనంలో, కండువా కళ్ళకి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఏమైందోనని హడలిపోయి పరిగెత్తుకొచ్చిన యోసేపు, సంగతి విని ఆయన పక్కనే కూర్చుని తనూ కాసేపు ఏడ్చాడు.

పెర్సిస్ ఆ సాయంత్రానికి పరుగు కూడా పూర్తిచేసింది. ఆడవాళ్ళలో నాలుగోది. దారిలో వీరవెంకటరమణగారు ఇడ్లీలు పెట్టలేదు, చేతులు కట్టుకుని నిలబడి ఊరుకోవడం తన జీవితంలో అదే మొదలని తర్వాత చెప్పుకున్నారు. యోసేపు కుట్టుమిషను మాట మళ్ళీ ఎత్తలేదు.

సోమవారం పొద్దున్న మొదటి బస్సులో వరదానం మాస్టారు మామూలుగానే దిగారు. విజిల్ తెచ్చుకోలేదు. బనీనూ మడిచిన పంచే వేసుకుని, రేవులో నడుము లోతు నీళ్ళ ముందు నిలబడ్డారు. పెర్సిస్ అప్పటికే నీళ్ళలో ఉంది. పైకొచ్చి, ఎర్ర గుడ్డ కట్టిన నూనె డబ్బా తీసి ఆయన నడుముకి కట్టింది. గట్టు మీద ఇద్దరు బడిపిల్లలు ఆగి చూస్తున్నారు. ఆయన వాళ్ళని చూశారు, చూసి ఊరుకున్నారు.

"ముడి సరిగ్గా పడిందా అమ్మాయ్?"

"రెండుసార్లు లాగి చూశానండి మాస్టారూ."

"ఇంకోసారి చూడు తల్లీ," అన్నారాయన, ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని.